నగర శాసనాలు ఎట్లా మారుతాయి, ఎవరి మీద అమలవుతాయి
(ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. ముప్పై నాలుగేళ్ళు పురపాలక కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇన్‌వార్డు రిజిస్టరులో మొదలుపెట్టి, టప్పాలు విప్పి, నోటు ఫైళ్ళు వ్రాసి, కౌన్సిలు సమావేశాల మినిట్స్ పుస్తకం మోసి, సూపరింటెండెంటు కుర్చీ దాకా వచ్చి ఇంటికి చేరాను. చట్టం పుట్టే చోట నేను లేను. అది కాగితంగా మారి, మనిషి ఇంటి తలుపు తట్టే చోట ఉన్నాను. మన సంఘం వారు పురపాలక చట్టాలను గురించి మాట్లాడమన్నప్పుడు ఆ అనుభవంతోనే ఒప్పుకున్నాను.

అయితే ఈ సాయంత్రం ముందుగా మన ఊరి సంగతి చెప్పను. అమెరికాలోని ఒక చిన్న పట్టణం కథ చెబుతాను. ఆ ఊరిలో మనలాంటి వారు ఒక చిన్న కోరికతో నగర పాలక మండలి ముందుకు వెళ్ళారు. ఆ కోరిక కాగితం మీద ఏ ఏ మెట్లు ఎక్కిందో, ఎక్కడ ఆగిందో, ఎవరు అడ్డుపడ్డారో మొత్తం బహిరంగంగా జరిగింది. శాసనం మారడమంటే ఏమిటో తెలుసుకోవడానికి అంత స్పష్టమైన ఉదాహరణ నాకు మరొకటి కనబడలేదు.

ముందుగా ఒక మాట విషయంలో పొరపాటు లేకుండా చూసుకోవాలి. మన దేశంలో ఆర్డినెన్సు అంటే శాసనసభ సమావేశంలో లేనప్పుడు రాష్ట్రంలో గవర్నరు, పార్లమెంటు సమావేశంలో లేనప్పుడు రాష్ట్రపతి జారీ చేసే తాత్కాలిక శాసనం. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ ఒక నగర పాలక మండలి తన పరిధిలో తాను చేసుకునే శాసనమే ఆర్డినెన్సు. అది తాత్కాలికం కాదు. మన భాషలో చెప్పాలంటే మన మునిసిపాలిటీ చేసే బైలా, అనగా ఉపవిధికి, అది దగ్గరి చుట్టం. కాకపోతే మన ఉపవిధికి ప్రభుత్వ ఆమోదం కావాలి. అక్కడి నగరానికి చాలా విషయాలలో ఆ అవసరం లేదు. మిచిగన్ రాష్ట్రంలో 1909లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి నగరమూ తన రాజ్యాంగం వంటి ఒక చార్టరును తానే వ్రాసుకొని, ప్రజల ఓటుతో ఆమోదించుకొని, దానికి లోబడి తన శాసనాలు తానే చేసుకోవచ్చు. రాష్ట్ర చట్టానికీ దేశ రాజ్యాంగానికీ విరుద్ధంగా మాత్రం ఉండరాదు.

ఇట్లా ఏళ్ళ తరబడి చేసిన ఆర్డినెన్సులన్నింటినీ విషయవారీగా విడగొట్టి, అధ్యాయాలు, సెక్షన్లుగా కూర్చి ఉంచే గ్రంథమే కోడు. జంతువులు, భవనాలు, చెత్త, శబ్దం, వీధులు, వ్యాపార లైసెన్సులు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఈ గ్రంథానికి సంరక్షకుడు ఎవరనుకుంటున్నారు? సిటీ క్లర్కు. నవ్వకండి. అక్కడ సిటీ క్లర్కు అంటే నగరంలో ముఖ్యాధికారులలో ఒకరు. సమావేశాల అజెండా ఆయన ద్వారా పోతుంది, మినిట్స్ ఆయన వ్రాయిస్తాడు, ఎన్నికల పని ఆయనదే, ప్రజలు సంతకాలు చేసి ఇచ్చిన అర్జీలలో ఏ సంతకం ఓటరుదో ఏది కాదో సరిచూసేదీ ఆయన కార్యాలయమే. ఈ సంగతి తెలిసిన రోజున నేను కొంచెం ఛాతీ పొంగించుకున్న మాట వాస్తవం.

శాసనాన్ని మార్చాలంటే వారి క్రమం ఇట్లా ఉంటుంది. మండలి సభ్యుడెవరో ఒకరు ప్రతిపాదన తెస్తారు. నగర న్యాయవాది దానికి ముసాయిదా వ్రాస్తాడు. ముసాయిదాలో తీసివేయదలచిన మాటల మీద అడ్డగీత, చేర్చదలచిన మాటల కింద గీత ఉండడం చాలా చోట్ల వాడుక. పాతది ఏమిటో కొత్తది ఏమిటో చదువు వచ్చినవాడికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. మన దగ్గర సవరణలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. ఫలానా సెక్షనులో ఫలానా పదానికి బదులుగా ఫలానా పదం ఉంచవలెను అని ఉంటుంది. అసలు సెక్షను మన దగ్గర లేకపోతే ఆ వాక్యం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. ఇంతకూ వారి ముసాయిదా ఒక సమావేశంలో మొదటిసారి చదవబడుతుంది, తరువాతి సమావేశంలో రెండవసారి. ఈ రెండింటి మధ్య ప్రజలకు వ్యవధి. సమావేశానికి ఎవరైనా వచ్చి, మైకు ముందు నిలబడి, తమకిచ్చిన నిమిషాలలో తమ మాట చెప్పవచ్చు. మిచిగన్‌లో 1976 నాటి బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం మండలి తలుపులు మూసుకొని శాసనం చేయడానికి వీలులేదు. తరువాత ఓటింగు, ప్రచురణ, అమలు తేదీ. చివరికి కోడులో ఆ సెక్షను మారి, దాని అడుగున ఏ నెంబరు ఆర్డినెన్సుతో ఏ తేదీన మారిందో చిన్న అక్షరాలతో వ్రాసి ఉంటుంది. ఆ చిన్న అక్షరాలను మీరు ఎన్నడూ వదిలిపెట్టకండి. శాసనం వయస్సు, దాని తల్లిదండ్రులు అందులోనే ఉంటారు.

ఇప్పుడు ఆ ఊరి కథ. పేరు హామ్‌ట్రామక్. చుట్టూ డెట్రాయిట్ మహానగరం, మధ్యలో దాదాపు రెండు చదరపు మైళ్ళ చిన్న నగరం. 2020 జనాభా లెక్కల ప్రకారం 28,433 మంది. ఒకప్పుడు అక్కడ పెద్ద డాడ్జ్ కార్ల కర్మాగారం ఉండేది. ఆ పనికోసం పోలండు దేశం నుండి కాథలిక్కులు వేలాదిగా వచ్చి స్థిరపడ్డారు. వీధి వీధికీ చర్చి గంటలు. 1987లో పోలండు దేశస్థుడైన పోపు జాన్ పాల్ ఆ ఊరికి స్వయంగా వచ్చాడంటే వారి ప్రాధాన్యం ఊహించండి. 1980లో కర్మాగారం మూతపడింది. పిల్లలు శివార్లకు వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఇళ్ళలోకి యెమెన్, బంగ్లాదేశ్, బోస్నియా దేశాల వారు వచ్చి చేరారు. అద్దెలు తక్కువ, చిన్నా చితకా పనులు దగ్గర. మన వాళ్ళు ఏ ఊరిలోనైనా పాత పేటలోనే ఎందుకు కుదురుకుంటారో అక్కడా అదే కారణం.

కానిఫ్ వీధిలో బంగ్లాదేశీయుల మస్జిద్ ఒకటి ఉన్నది, అల్ ఇస్లాహ్ అని. 2003లో ఆ మస్జిద్ కమిటీ వారు లౌడ్‌స్పీకరులో అజాన్ ఇవ్వడానికి అనుమతి కోరుతూ నగర మండలిని ఆశ్రయించారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. అప్పటి శబ్ద శాసనంలో అజాన్ నిషిద్ధమని ఎక్కడా లేదు. చర్చి గంటలు ఎవరి అనుమతీ లేకుండానే మ్రోగుతున్నాయి. వీరు నేరుగా స్పీకరు బిగించుకొని ఉంటే నగరం ఏమి చేసేదో చెప్పలేము. కానీ వారు ముందు అడిగారు. ఇరుగుపొరుగుతో కలిసి బ్రతకవలసినవారు ముందుగా అడగడం మర్యాద అని వారి ఉద్దేశం.

మండలిలో అప్పుడు ముస్లిం సభ్యుడు ఒక్కరే. మిగిలిన వారి ఓటు లేకపోతే పని కాదు. 2004 ఏప్రిలులో ఆ మండలి ఏకగ్రీవంగా శబ్ద శాసనాన్ని సవరించింది. ఆ సవరణ సారాంశం ఇది. ప్రార్థనకు పిలుపు, చర్చి గంటలు, మతపరమైన సమావేశాలను తెలిపే ఇతర సమంజసమైన పద్ధతులు, వీటిని ఉదయం 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు, ఒక్కొక్కటి 5 నిమిషాలు మించకుండా, ధ్వనివర్ధకంలో వినిపించడానికి నగరం అనుమతిస్తుంది. ధ్వని ఎంత ఉండాలో నిర్ణయించే అధికారం మండలికే ఉంటుంది.

ముసాయిదా వ్రాసినవాడి నేర్పు చూడండి. అజాన్‌కు మాత్రమే అని వ్రాసి ఉంటే ఒక మతానికి ప్రత్యేక సదుపాయం ఇచ్చారని కోర్టులో నిలబడేది కాదేమో. గంటలను కూడా అదే వాక్యంలో చేర్చడంతో నిన్నటి దాకా ఏ లెక్కా లేని చర్చి గంటకూ, కొత్తగా వచ్చిన అజాన్‌కూ ఒకే గడియారం, ఒకే కొలత ఏర్పడింది. అట్లాగే మనవారు ఏమి వదులుకున్నారో కూడా చూడండి. మిచిగన్‌లో వేసవిలో ఫజ్ర్ వేళ ఆరుకు చాలా ముందే వస్తుంది, ఇషా రాత్రి పది దాటిన తరువాత వస్తుంది. అంటే ఆ నెలలలో రెండు అజాన్‌లు స్పీకరులో ఉండవు. అయినా ఒప్పుకున్నారు. దొరికినదానితో మొదలుపెట్టారు.

మే నెలాఖరులో ఒక శుక్రవారం మొదటి అజాన్ వినిపించింది. కథ అక్కడితో ముగియలేదు. వ్యతిరేకించినవారు సంతకాలు సేకరించారు. ఆ నగర చార్టరు ప్రకారం తగినంతమంది ఓటర్లు అర్జీ పెడితే మండలి తన శాసనాన్ని తానే ఉపసంహరించుకోవాలి, లేదా ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టాలి. మండలి ఉపసంహరించుకోలేదు. బయటి ఊళ్ళ నుండి కూడా మనుషులు వచ్చి నినాదాలు చేశారు, టీవీ కెమెరాలు దిగాయి. మరోవైపు కాథలిక్కు మతగురువులలో, మామూలు పౌరులలో మస్జిద్ పక్షాన నిలిచినవారూ ఉన్నారు. 2004 జూలై 20న ఓటింగు జరిగింది. సవరణ ఉండాలన్నవారు 1,462 మంది, వద్దన్నవారు 1,200 మంది. సవరణ నిలిచింది.

ఈ ఓటింగులో ఒక విచిత్రం ఉన్నది. నాబోటి ఫైళ్ళ మనిషికి అది చాలా ఇష్టం. ఒకవేళ వ్యతిరేకులు గెలిచి ఆ సవరణ రద్దయి ఉంటే ఏమి జరిగేది? అజాన్ ఆగేదా? ఆగేది కాదు. రద్దయ్యేది సవరణ మాత్రమే. ఆరు గంటలు, పది గంటలు, అయిదు నిమిషాలు, ధ్వని స్థాయి అనే పరిమితులు పోయి, అజాన్ నిషిద్ధమని ఎక్కడా లేని పాత శాసనం తిరిగి వచ్చేది. అంటే అజాన్ వినలేమన్నవారు తమకున్న ఒక్క కట్టుబాటును తామే తెంపివేయడానికి వీధులలో తిరిగారు. కాగితం చదవకుండా ఉద్యమం చేస్తే ఇట్లాంటిదే జరుగుతుంది. ఈ జబ్బు వారికే పరిమితమని నేను అనను. మన సభలలో కూడా నోటీసు ప్రతి చేతిలో లేకుండానే ఆవేశంగా మాట్లాడిన ప్రసంగాలు చాలా విన్నాను.

మా అమ్మాయి కుటుంబం డెట్రాయిటు శివారులో ఉంటుంది. ఆ ప్రాంతంలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు. నేను అక్కడ ఉన్న రోజులలో ఒక జుమాకు అల్లుడు నన్ను ఆ ఊరికి తీసుకువెళ్ళాడు. కానిఫ్ వీధిలో కారు దిగుతుండగా అజాన్ వినిపించింది. పక్కన ఒక ముసలామె తన వాకిట్లో మంచు ఊడ్చుకుంటున్నది. తల ఎత్తి చూడను కూడా చూడలేదు. నాకు ఆ సంగతే ఇప్పటికీ జ్ఞాపకం. ఓటింగులో ఆమె ఎటువైపు ఉన్నదో ఏమో!

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా ఆ ఊరి గొప్పలు చెబితే నేను నిజాయితీపరుణ్ణి కాను.

నేను పనిచేసిన ఒక పురపాలక సంఘంలో, ఊరు పేరు అనవసరం, మాంసం దుకాణాలకు సంబంధించిన ఉపవిధులకు సవరణ వచ్చింది. దుకాణం ఎక్కడ ఉండాలి, ముందు అద్దం తలుపు ఉండాలా, వ్యర్థాలు ఎట్లా పారవేయాలి, ఇటువంటివి. అందులో కొన్ని మంచివే. రెండు మూడు మాత్రం చిన్న దుకాణదారుడు ఎప్పటికీ నెరవేర్చలేనివి. పద్ధతి ప్రకారం ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు చెప్పడానికి గడువు పెట్టారు. ఆ ముసాయిదాను నోటీసు బోర్డు మీద అతికించినవాణ్ణి నేనే. దాని మీద వారం తిరగకుండా టెండరు నోటీసు ఒకటి, కుళాయి పన్ను బకాయిల జాబితా ఒకటి అంటించారు. గడువు గడిచింది. ఒక్క కాగితం రాలేదు. నోటు ఫైలులో నేను నా చేతులతో వ్రాశాను, "నిర్ణీత గడువులోగా ఎట్టి అభ్యంతరములు రాలేదు" అని. ఆ వాక్యంలో అబద్ధం లేదు. ఫైలు పైకి వెళ్ళింది, ఆమోదమై వచ్చింది.

కొన్ని నెలల తరువాత బక్రీదుకు ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు నోటీసులు పంచాడు. నోటీసులు అందినవారిలో ముగ్గురు మా వీధివాళ్ళు. వారిలో పెద్దాయన, మా నాన్నగారి స్నేహితుడు, ఆ కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "బేటా, ఇది నీ చేతి మీదుగానే పోయిందట గదా, ఒక్క మాట చెప్పకపోతివే" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఆఫీసు రహస్యమనో నిబంధనలనో ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నోటీసు బోర్డు మీద పెట్టిన కాగితంలో రహస్యం ఏమున్నది? జుమా తరువాత మస్జిద్ గేటు దగ్గర నిలబడి చెప్పి ఉంటే సరిపోయేది. నాకు తట్టలేదు. తట్టినా, ఎందుకొచ్చిన తలనొప్పి అనుకున్నానేమో, ఇప్పుడు ఖచ్చితంగా చెప్పలేను. ఆయన దుకాణం ఏడాది లోపల మూతపడింది. ఆ తరువాత నుండి నేను రోజూ చేసిన పని ఒక్కటే, ఆఫీసు నుండి ఇంటికి వచ్చే ముందు నోటీసు బోర్డు చదివి రావడం. పదవీ విరమణ తరువాత కూడా మంగళవారం, శుక్రవారం వెళ్ళి చదువుతాను. కొత్త కుర్రాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు.

సరే, శాసనం మారడం ఒక ఎత్తు, అమలు మరొక ఎత్తు. అమలులో జరిగే అన్యాయం కాగితం మీద కనబడదు. దీనికి శాన్‌ఫ్రాన్సిస్కో నగరం చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది.

1880లో ఆ నగరం ఒక ఆర్డినెన్సు చేసింది. ఇటుక, రాతి భవనాలలో తప్ప మరెక్కడైనా బట్టలుతికే లాండ్రీ నడపాలంటే నగర పర్యవేక్షక మండలి అనుమతి ఉండాలి. అగ్నిప్రమాదాల భయం వారు చెప్పిన కారణం. చదివితే ఇందులో తప్పేమున్నది అనిపిస్తుంది. ఏ జాతి పేరూ లేదు. ఆ నగరంలో అప్పుడు సుమారు 320 లాండ్రీలు ఉండేవి. వాటిలో సుమారు 310 చెక్క భవనాలే. సుమారు 240 చైనావారివి. దాదాపు రెండువందల మంది చైనావారు అనుమతి కోసం దరఖాస్తు చేసుకుంటే అందరికీ నిరాకరించారు. తక్కినవారు సుమారు ఎనభైమంది అటువంటి చెక్క భవనాలలోనే లాండ్రీలు నడుపుతుంటే వారి జోలికి పోలేదు. యిక్ వో అనే లాండ్రీ యజమాని ఇరవై రెండేళ్ళుగా ఒకే చోట వ్యాపారం చేస్తున్నాడు. అగ్నిమాపక అధికారుల తనిఖీ పత్రం, ఆరోగ్య శాఖ పత్రం రెండూ అతని వద్ద ఉన్నాయి. అయినా పది డాలర్ల జరిమానా వేశారు, కట్టనందుకు జైలులో పెట్టారు. అతను సుప్రీం కోర్టు దాకా పోయాడు. 1886 మే 10న కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. చట్టం ముఖం చూడడానికి నిష్పక్షపాతంగా ఉన్నా, అధికారులు దానిని కొందరి మీద ఒక రకంగా, ఇతరుల మీద మరొక రకంగా ప్రయోగిస్తే అది సమాన రక్షణ హక్కును కాలరాయడమే అని. అంతేకాదు, యిక్ వో అమెరికా పౌరుడు కాడు. ఆ రక్షణ పౌరులకే కాక ఆ గడ్డ మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని కోర్టు చెప్పింది.

ఈ కేసులో నాకు నచ్చినది తీర్పు కంటే ఆ లెక్క. ఎన్ని లాండ్రీలు, ఎన్ని చెక్కవి, ఎన్ని దరఖాస్తులు, ఎన్ని తిరస్కారాలు. అన్యాయం జరుగుతున్నదని వారు ఏడవలేదు, లెక్క తీసి చూపించారు. మన వీధిలో ఆక్రమణ పేరుతో నాలుగు బండ్లు తీసివేస్తే, అదే రోడ్డు మీద తీయని బండ్లు ఎన్ని, అవి ఎక్కడ ఉన్నాయి, ఆ రోజు ఫొటోలు ఉన్నాయా అని నేను అడుగుతాను. చాలాసార్లు జవాబు ఉండదు.

మరొక కేసు ఫ్లోరిడా రాష్ట్రంలోని హయలీయా నగరానిది. అక్కడ సాంతెరియా అనే మతస్థులు ఉన్నారు. ఆఫ్రికా మూలాలున్న మతం, జంతుబలి వారి ఆరాధనలో భాగం. మన విశ్వాసానికీ వారి విశ్వాసానికీ ఏ పోలికా లేదు. అది వేరే విషయం. వారు 1987లో తమ ఆలయం కట్టుకోబోతున్నామని ప్రకటించగానే నగర మండలి జూన్ నెలలో అత్యవసరంగా సమావేశమై, సెప్టెంబరు లోపల వరుసగా ఆర్డినెన్సులు చేసింది. జంతుబలి నిషేధం. వేట సరే, చేపలు పట్టడం సరే, యూదుల కోషర్ వధ సరే, ఎలుకలను చంపడం సరే, ఈ ఒక్కరు చేసేది మాత్రం నేరం. పేరు చెప్పకుండా ఒకరి కొలతలకే కుట్టిన చొక్కా అది. 1993 జూన్ 11న సుప్రీం కోర్టు ఆ ఆర్డినెన్సులను ఏకగ్రీవంగా కొట్టివేసింది.

ఆ తీర్పు మేలు ఎవరికి చేరిందో చూడండి. 2023 జనవరిలో మన హామ్‌ట్రామక్ నగరమే, మతాచారంగా తమ ఇంటి ఆవరణలో జంతువును జబహ్ చేయడానికి అనుమతిస్తూ నిర్ణయం చేసింది. ముందుగా నగరానికి తెలియజేయాలి, రుసుము కట్టాలి, తనిఖీకి ఒప్పుకోవాలి, శుభ్రం చేయాలి. ఎవరో తెలియని ఒక చిన్న మతం వారు ఆరేళ్ళు కోర్టులలో పోరాడి సంపాదించిన సూత్రం ముప్పై ఏళ్ళ తరువాత ఖుర్బానీ చేసుకునేవారికి కూడా నీడ అయింది. పక్కవాడి హక్కు గొడవ మనకెందుకు అనేవారికి ఈ సంగతి చెప్పండి.

మినియాపొలిస్ గురించి రెండు మాటలు. అక్కడ 2020లో కరోనా కాలపు రంజానులో, మస్జిదులు మూతపడి ఉన్నప్పుడు, నగరం తాత్కాలిక అనుమతితో స్పీకరులో అజాన్ ఇవ్వనిచ్చింది. ఆ నగర శబ్ద శాసనం ఉదయం 7 నుండి రాత్రి 10 వరకే ఒప్పుకునేది కనుక ఆ తరువాత ఏడాది పొడవునా అయిదు పూటలు కుదరలేదు. 2023 ఏప్రిల్ 13న మండలి ఏకగ్రీవంగా ఆ శాసనాన్ని సవరించి, సంవత్సరం పొడవునా అయిదు వేళలా అజాన్‌కు అనుమతి ఇచ్చింది. ముందు తాత్కాలిక అనుమతి, తరువాత శాశ్వత సవరణ.

మీలో ఒకరు వెంటనే అడగబోతున్నారు, అయితే మన కౌన్సిలరును పట్టుకొని మన ఊరిలో కూడా వేళలు మార్పిద్దామా అని. అక్కడే తేడా ఉన్నది. మన దేశంలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ల నిషేధం మునిసిపాలిటీ చేసినది కాదు. అది 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలలో ఉన్నది, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం చేసినది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అనే పరిమితి కూడా కేంద్ర నియమాలదే. దానిని మీ వార్డు కౌన్సిలరు ముట్టుకోలేడు. కలం ఎవరి చేతిలో ఉన్నదో తెలుసుకోకుండా అర్జీ పెడితే ఆ అర్జీ టప్పాలలో చేరి, ఒక నెంబరు పొంది, నిద్రపోతుంది. అట్లా నిద్రపోయిన అర్జీలను నేను గంపలకొద్దీ చూశాను. ఇంకొక సంగతి, ఆ నియమం అందరి స్పీకర్లకూ వర్తిస్తుంది. దానిని ఒకరి మీదనే ప్రయోగించి మరొకరిని వదిలితే అప్పుడు మనకు గుర్తు రావలసినది ఆ చైనా లాండ్రీల లెక్క.

మునిసిపాలిటీ చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. 74వ రాజ్యాంగ సవరణ తరువాత పన్నెండవ షెడ్యూలులో పద్దెనిమిది అంశాలు ఉన్నాయి. శ్మశానాలు, ఖబరస్తాన్‌లు పద్నాలుగవ అంశం. కబేళాలు, తోళ్ళ కర్మాగారాల నియంత్రణ పద్దెనిమిదవ అంశం. మురికివాడల అభివృద్ధి, వీధి దీపాలు, మంచినీరు అన్నీ అందులోనే. మన బ్రతుకు చాలావరకు ఆ జాబితాలోనే ఉన్నది. కాబట్టి ఏ ఉపవిధి ముసాయిదా వస్తున్నదో కనిపెట్టి ఉండడం, గడువు లోపల వ్రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వడం, ఇన్‌వార్డు ముద్ర వేయించుకొని ప్రతి దాచుకోవడం, ఇంతవరకు మన చేతిలోని పని. అభ్యంతరం ఇచ్చినంత మాత్రాన ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వను. కానీ నోటు ఫైలులో గుమాస్తా "అభ్యంతరములు రాలేదు" అని వ్రాయలేడు. ఆ వాక్యం వ్రాయకుండా చేయగలిగితే సగం పని అయినట్లే అని ఆ వాక్యం వ్రాసినవాడిగా చెబుతున్నాను.

ఇక కూల్చివేతల భయం. ఈ మధ్య ఏ ఊరు పోయినా ఇదే ప్రశ్న. 2024 నవంబరు 13న సుప్రీం కోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. ఇంటి యజమాని మీద ఏదో నేరారోపణ ఉన్నదని అతని ఇల్లు కూల్చడానికి అధికారులకు హక్కు లేదని స్పష్టంగా చెప్పింది. అనధికార నిర్మాణమే అయినా ముందుగా షోకాజ్ నోటీసు రిజిస్టర్డు పోస్టులో పంపాలి, కట్టడం మీద కూడా అతికించాలి. జవాబుకు కనీసం పదిహేను రోజులు, లేదా స్థానిక చట్టంలో ఉన్న గడువు, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. స్వయంగా విని, కారణాలు చెబుతూ ఉత్తర్వు వ్రాయాలి. ఆ ఉత్తర్వు తరువాత కూడా పదిహేను రోజులు ఆగాలి, అప్పీలుకు గానీ తానే తొలగించుకోవడానికి గానీ. కూల్చివేతను వీడియో తీయాలి. ఇవి పాటించని అధికారి సొంత జేబు నుండి నష్టపరిహారం కట్టవలసి వస్తుందని కూడా ఉన్నది. అయితే మినహాయింపు మరువకండి. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల స్థలంలో ఉన్న అనధికార కట్టడాలకు, కోర్టే కూల్చమన్న వాటికి ఈ రక్షణ లేదు. చెరువు శిఖం భూమిలో ఎవరో ప్లాటు అమ్మితే కొనుక్కొని, ఆ తరువాత ఈ తీర్పు ప్రతి పట్టుకొని నా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు. వారికి నేను ఏమీ చేయలేకపోయాను.

నోటీసు వచ్చినప్పుడు తీసుకోకుండా పోస్టుమన్‌ను తిప్పి పంపడం మన ఇళ్ళలో ఒక అలవాటు. ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు భయంతో తలుపు తీయరు, ఆ భయం నాకు తెలుసు. కానీ తిప్పి పంపిన కవరు మీద "తిరస్కరించినారు" అని వ్రాస్తే నోటీసు అందినట్లే లెక్క, గడువు నడుస్తూనే ఉంటుంది. తీసుకోండి, తేదీ వేసి సంతకం చేయండి, కవరు కూడా దాచండి. పోస్టల్ ముద్ర కవరు మీదనే ఉంటుంది గదా.

మన సంఘం కార్యదర్శి గారు వార్డుకు ఇద్దరు చొప్పున నోటీసు బోర్డు చదివేవారి పేర్లు వ్రాసుకుంటున్నారు. ఒకరు మగవారు, ఒకరు ఆడవారు ఉంటే మంచిదని నా కోరిక, పరదా వెనుక బల్ల మీద కూడా ఒక కాగితం పెట్టించాను. వారానికి ఒక అరగంట పని. నా మంగళవారాలు, శుక్రవారాలు నాకు ఉన్నాయి, మిగిలిన రోజులకు మనుషులు కావాలి. ఇషా జమాఅత్‌కు ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నది. ఎవరి దగ్గరైనా నోటీసు కాగితం ఉంటే, నోటితో చెప్పకుండా, ఆ కాగితం తీసుకొని ముందుకు రండి.